పాచిక పక్కన పెట్టే చోటు

భయమే ప్రాణంగా నడిచే ఒక అంతరిక్ష ఆటలో దాక్కోవడానికి నియమం లేదు. ఆ ఆట పేరు మదర్‌షిప్. 2018లో అమెరికాలో సీన్ మెక్‌కాయ్ అనే స్వతంత్ర రూపకర్త తెచ్చారు. పాడుబడిన నౌకలో ఏదో తిరుగుతుంటుంది. నలుగురు మనుషులు దాని కంటపడకుండా బయటపడాలి. ఇలాంటి ఆటకు అన్నిటికన్నా ముందు కావలసింది నక్కి ఉండే నైపుణ్యమే కదా అనిపిస్తుంది. నైపుణ్యాల పట్టికంతా వెతికినా అది కనిపించదు. కావాలనే వదిలేశానని ఆయనే చెప్పారు. నియమం ఉంటే ఆటగాడు ‘దాక్కుంటున్నా’ అని పాచిక వేసి ఊరుకుంటాడు. లేకపోతే ‘ఆ బీరువా వెనక చోటుందా? నా హెల్మెట్ లైటు ఆర్పేశానా? చప్పుడు ఎటునుంచి వస్తోంది?’ అని అడగక తప్పదు. అలా అడుగుతున్నప్పుడే గుండె వేగంగా కొట్టుకుంటుంది.

సొంతంగా ఒక ఆట రాయడానికి కూర్చున్నాక నాకు బాగా పనికొచ్చిన సంగతి ఇదే. ఏ నియమం రాయాలో తేల్చుకోవడం తేలిక. ఏది రాయకుండా ఉండాలో తేల్చుకోవడం కష్టం. అది మనుషుల్ని కూర్చోబెట్టి ఆడిస్తే తప్ప తెలియదు. ప్లేటెస్ట్ అనేది అందుకే.

ఈ ఆటలు చూడనివారి కోసం రెండు మాటలు. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్‌లో నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు గేమ్ మాస్టర్. లోకం ఎలా ఉందో, అందులో ఏం జరుగుతోందో ఆయన చెబుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని తామేం చేస్తున్నారో చెబుతారు. ఫలితం సందిగ్ధమైన చోట పాచికలు పడతాయి. గెలుపోటములు లేవు, కథ ఎటు పోతుందో ఎవరికీ ముందు తెలియదు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’తో ఈ పద్ధతి అచ్చులోకి వచ్చింది. మూడేళ్లకు, 1977లో, మార్క్ మిల్లర్ మూడు చిన్న నల్ల పుస్తకాలుగా ‘ట్రావెలర్’ తెచ్చి దీన్ని నక్షత్రాల మధ్యకు తీసుకెళ్లారు.

ట్రావెలర్‌లో నన్ను ఇప్పటికీ అబ్బురపరిచే నిర్ణయం ఒకటుంది. ఒక నక్షత్రం నుంచి ఇంకో నక్షత్రానికి దూకడానికి, దూరం ఎంతైనా, సుమారు వారం పడుతుంది. అంతకన్నా వేగంగా కబురు పంపే రేడియో ఏదీ లేదు. ఈ ఒక్క నియమంతో లోకమంతా మారిపోయింది. రాజధానిలో తిరుగుబాటు జరిగితే సరిహద్దు గ్రహానికి ఆ సంగతి ఏదో ఒక నౌకే మోసుకు రావాలి. అధికారులు ఎక్కడికక్కడ సొంతంగా నిర్ణయాలు తీసుకోవాలి. ఉత్తరాలు మోసే నౌకకు ఎక్కడలేని విలువ వస్తుంది. వందల పేజీల చరిత్ర చదివించకుండా ఆ లోకం ఎలా బతుకుతుందో ఆటగాడికి అర్థమైపోతుంది.

సైన్స్ ఫిక్షన్ ఆటలో అసలు కష్టం ఇక్కడే. రాజులూ కోటలూ ఉన్న కథలో తలుపు ఎలా తెరుచుకుంటుందో ఎవరూ అడగరు. నా ఆటలో మొదటి దృశ్యం మొదలవగానే మేనకోడలు అడిగింది: “మామయ్యా, ఈ నౌకలో నడుస్తామా, తేలుతామా? తలుపు చేత్తో తియ్యాలా, దానంతటదే తెరుచుకుంటుందా?” న్యాయమైన ప్రశ్న. లోకం ఎలా ఉందో తెలియనివారు ధైర్యంగా ఏ పనీ మొదలుపెట్టలేరు. అలాగని ముప్పై పేజీల వివరణ ఇస్తే ఎవరూ చదవరు. బల్ల మీద పరిచేందుకు నౌక పటం ఒక్కటి గీశాను. అందులో గురుత్వం ఉన్న గదులకు ఒక రంగు, లేనివాటికి ఇంకో రంగు వేశాను. సగం ప్రశ్నలు తీరిపోయాయి. మిగతా సగం ఆటలో అడగాల్సినవే.

ఆ పటం ఇంకో మేలు కూడా చేసింది. అంతకుముందు ఆడినవాళ్లు ఆట అవగానే ఆయుధాలు పెంచమనేవారు. ఆడినవాళ్లు ఎక్కడ ఇబ్బందిగా ఉందో చెబితే అది దాదాపు ఎప్పుడూ నిజమే. వాళ్లు చెప్పే మందును మాత్రం అలాగే వాడెయ్యకూడదు. ప్రమాదం ఎదురైనప్పుడు ఎటు పోవాలో తెలియక ఉక్కిరిబిక్కిరై తుపాకులు అడిగారు. పారిపోయే దారులు కంటికి కనిపించాక ఆయుధాల మాట ఎత్తినవాళ్లు లేరు.

నా ఆట సంగతి చెబుతాను. గురుగ్రహం దగ్గర చెడిపోయిన నౌకలో మరమ్మతు సిబ్బంది. గాలి తగ్గిపోతోంది. భూమికి కబురు చేరాలంటే కనీసం అరగంట, జవాబు రావడానికి మళ్లీ అంత, కాబట్టి సలహా అడిగే వీల్లేదు. మనిషికి రోజుకు సుమారు 0.84 కిలోల ప్రాణవాయువు కావాలి. తొలి రాతలో కిలోల లెక్కే పెట్టాను. బల్ల దగ్గర అందరూ కూడికలు వేస్తూ కూర్చున్నారు, ఊపిరి బిగబట్టినవాళ్లు లేరు. లెక్క తీసేసి ఒక్కొక్కరి ముందు గుప్పెడు చింతపిక్కలు పోశాను. ప్రమాదకరమైన పని చేసినప్పుడల్లా ఒక పిక్క డబ్బాలోకి పోతుంది. డబ్బాలో పిక్క పడిన చప్పుడు వినగానే పక్కవాళ్లు తమ పిక్కలు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టారు.

పాచికల లెక్క కూడా ఇలా ఆడించగానే మారింది. రెండు పాచికలు వేస్తే 36 రకాలుగా పడతాయి. ట్రావెలర్‌లో లాగా 8 లేదా అంతకన్నా ఎక్కువ పడితేనే పని అవుతుందనుకుంటే, 36లో 15 సార్లు అవుతుంది. కానప్పుడు? తలుపు తెరుచుకోలేదు, మళ్లీ వెయ్యి. కథ అక్కడే నిలబడిపోతుంది. విన్సెంట్ బేకర్, మెగీ బేకర్ 2010లో తెచ్చిన ‘అపోకలిప్స్ వరల్డ్’లో దీనికి చక్కని దారి ఉంది. 10 ఆ పైన పడితే పూర్తిగా నెరవేరుతుంది. 7 నుంచి 9 పడితే పని అవుతుంది గానీ మూల్యం చెల్లించాలి. 6, ఆ కింద పడితే పరిస్థితి ముదురుతుంది. ఆ మధ్య మెట్టు కూడా 36లో 15 సార్లు వస్తుంది, అంటే పని అయినప్పుడు ఎక్కువసార్లు మనిషి ఏదో ఒకటి వదులుకుంటూనే ముందుకు పోతాడు. నా ఆటకు అది అతికినట్టు సరిపోయింది. మూల్యం ఏమిటో వెతుక్కోనక్కర్లేదు, ఇంకో చింతపిక్క.

గాలి గురించి ఆట రాస్తూ మన దేశంలో 2021 ఏప్రిల్, మే నెలల కోవిడ్ రోజుల్ని పక్కన పెట్టడం కుదరదు. ఆక్సిజన్ సిలిండర్ కోసం వరసల్లో నిలబడినవాళ్లు ఇప్పుడు నా బల్ల దగ్గర కూర్చునేవాళ్లలోనూ ఉంటారు. అందుకే ఆట మొదలవకముందే ఇది దేని గురించో చెబుతాను. బల్ల మధ్యలో ఎక్స్ అక్షరం రాసిన కార్డు పెడతాను. జాన్ స్టావ్రోపౌలోస్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. ఎవరైనా ఆ కార్డును ముట్టుకుంటే అప్పుడు నడుస్తున్న సంగతిని కథలోంచి తీసేస్తాం, కారణం అడగం. ఒకసారి నేను సిలిండర్ మీది మీటరు ముల్లును వర్ణిస్తుంటే ఒకాయన కార్డు ముట్టుకున్నారు. ఆ వర్ణన ఆపేశాం. తరవాత నా ఆట పుస్తకం నుంచి సిలిండర్లు మొత్తంగా పోయాయి. ఇప్పుడు గాలి గోడల్లోంచి వస్తుంది, బొత్తిగా గాలి లేని గదుల్లోకి సూటు వేసుకుని వెళ్తారు. ఆట ఏమీ నష్టపోలేదు.

ఆడిస్తున్నప్పుడు నేను చూసేది ఆటగాళ్ల కళ్లు ఎటు పోతున్నాయన్నది. ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారంటే ఆట నడుస్తోంది. తల వంచి తమ పాత్ర వివరాలున్న కాగితం (క్యారెక్టర్ షీట్) వెతుకుతున్నారంటే ఏం చేయొచ్చో అనుమతి కోసం చూస్తున్నారు. ఫోన్ చేతిలోకి వచ్చిందంటే అప్పుడు ఏ నియమం నడుస్తోందో రాసుకుంటాను. ఆట అయ్యాక ‘నచ్చిందా?’ అని అడగడం దండగ. ఇంటికొచ్చి భోంచేసినవాళ్లు బాగాలేదని చెప్పరు. ‘చేద్దామనుకుని చేయలేకపోయింది ఏమిటి?’ అని అడగాలి. నాకు తెలిసినంతలో ఇంతకన్నా పనికొచ్చే ప్రశ్న లేదు.

ఒక సాయంత్రం ఒకతను తన ముందున్న పిక్కల్లోంచి కొన్ని పక్కావిడ ముందుకు జరిపాడు. ఆవిడ పాత్రకు గాలి అయిపోయింది. అలా ఇవ్వొచ్చని నేను రాయలేదు, ఇవ్వకూడదనీ రాయలేదు. అందరూ నావైపు చూశారు. నేను మాట్లాడలేదు. కాసేపు వాళ్లలో వాళ్లే వాదించుకున్నారు. ఇద్దరూ ఒకే గదిలో ఉండాలని, సూట్ల గొట్టాలు కలపాలని, కలిపి ఉన్నంతసేపు ఇద్దరూ కదలకూడదని తేల్చుకున్నారు. నేను ఆలోచించి ఉంటే అంత బాగా వచ్చేది కాదు. దాన్నే అక్షరం పొల్లు పోకుండా పుస్తకంలో పెట్టేద్దామని చెయ్యి లాగింది.

తరవాత బ్లైండ్ టెస్ట్ వచ్చింది. నాకు పరిచయం లేనివాళ్లకు పుస్తకం ఇచ్చి, ఒక్క మాట కూడా చెప్పకుండా దూరంగా కూర్చోవడం. ప్లేటెస్ట్‌లలో ఇంతకన్నా నిజం చెప్పేది లేదు. అక్కడా అదే పరిస్థితి వచ్చింది. ఒకరికి గాలి లేదు, పక్కనున్న అమ్మాయి దగ్గర కావలసినంత ఉంది. ఆమె ఇవ్వాలనుకుంది. పుస్తకం తిరగేసింది, ఎక్కడా లేదు. లేదంటే కుదరదని అర్థం చేసుకుని చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ పాత్ర చనిపోయింది.

మదర్‌షిప్‌లో దాక్కోవడానికి నియమం లేకపోవడం ఎందుకు పనిచేస్తుందో నాకు అప్పుడు ఇంకాస్త లోతుగా తెలిసింది. దాక్కోవచ్చని ఎవరూ చెప్పక్కర్లేదు, భయపడిన మనిషికి అది తెలుసు. గాలి పంచుకోవచ్చని మాత్రం ఎవరో ఒకరు చెప్పాలి. ఖాళీ వదిలితే చాలదు, అది మీ కోసమే వదిలిన ఖాళీ అని కనిపించాలి. ఇప్పుడు పుస్తకంలో ఈ రెండు వాక్యాలున్నాయి: ‘గాలి పంచుకోవచ్చు. ఎలాగన్నది మీలో మీరు తేల్చుకోండి.’ పాచిక లేదు, మూల్యం లేదు. ఆ రెండు వాక్యాలు చదివిన ప్రతి బృందం తనదైన పద్ధతి కనిపెట్టింది.

తేలనిది ఇంకొకటి ఉంది. పాత్ర చనిపోయిన ఆటగాడు మిగతా గంటసేపు ఏం చేయాలి? 1977 నాటి ట్రావెలర్‌లో పాత్రను తయారుచేసుకుంటుండగానే చనిపోవచ్చు, అప్పుడు ఇంకో పాత్ర మొదలుపెట్టుకుంటారు. నా నౌకలో కొత్త మనిషి రావడానికి దారి లేదు. చనిపోయినవాళ్లు నౌక కంప్యూటర్ గొంతుగా మాట్లాడతారని ప్రస్తుతానికి రాశాను. తమను కాపాడని బృందానికి వాళ్లు నిజమే చెప్పాలా, వద్దా అన్నది రాయలేదు. ఈ ఆదివారం ఆడించి చూస్తాను. అందుకు ఈ ఆట ఎప్పుడూ ఆడనివాళ్లు కావాలి.