చెక్క చట్రం మీద కారు

ఇంగ్లండ్‌లో మాల్వర్న్ కొండల దిగువన పికర్‌స్లీ రోడ్డులో మోర్గన్ కార్ల కర్మాగారం ఉంది. అందులో నేటికీ ఒక వడ్రంగి షెడ్డు నడుస్తోంది. మోర్గన్ కారుకి ఛాసిస్ కూడా చెక్కదేనని చాలామంది అనుకుంటారు గానీ, అది లోహమే. ఛాసిస్ మీద యాష్ చెక్కతో చట్రం కడతారు, ఆ చట్రానికి అల్యూమినియం రేకు తొడుగుతారు. హెచ్.ఎఫ్.ఎస్. మోర్గన్ తన తొలి మూడు చక్రాల బండిని 1909లో కట్టాడు. నాలుగు చక్రాల కారు 1936లో వచ్చింది. ఈ చెక్క పని గుర్రపు బగ్గీలు చేసినవాళ్ల నుంచి కార్లకు సంక్రమించిన విద్య.

మన వడ్రంగులు బండిచక్రానికి తుమ్మ మొద్దును ఏరుకున్నట్టే, వాళ్లు యాష్‌ను ఏరుకున్నారు. మన మల్లె కుటుంబానికే చెందిన చెట్టు అది. పీచు పొడుగ్గా, తిన్నగా ఉంటుంది కాబట్టి వంచితే విరగదు, కుదుపును తనలోనే ఇముడ్చుకుంటుంది. వెనక చక్రం మీది వంపు చేసే తీరు చూడదగ్గది. పలుచగా కోసిన యాష్ పొరలకు జిగురు పూసి, ఒకదానిమీద ఒకటి పేర్చి, అచ్చులో బిగించి ఆరనిస్తారు. విప్పేసరికి ఆ పొరలన్నీ ఒకే చెక్కయి, ఆ వంపులోనే నిలిచిపోతాయి. తలుపులు ఏ కారుకి ఆ కారుకే చిత్రిక పట్టి కూర్చుతారు. పూర్తయిన చట్రానికి బూజు, పురుగు పట్టకుండా మందు పట్టిస్తారు.

పర్యావరణం దృష్టితో చూస్తే ఇందులో ఏముంది? చెక్క వాడారు కాబట్టి ఇది పచ్చని కారు అనేస్తే తప్పు. ఒక కారుకి పట్టే కలప కొంచెమే. ఏడాదికి తయారయ్యే కార్లు వెయ్యి కూడా ఉండవు. పైగా నడిచేది పెట్రోలుతో. నేను దీన్ని మెచ్చుకునేది రెండు గుణాలకు. మొదటిది తేలికదనం: ప్లస్ ఫోర్ అనే మోర్గన్ మోడల్ బరువు, ఇంధనం, నూనెలు పోయకముందు, సుమారు వెయ్యి కిలోలే. బరువు తగ్గితే ఇంజిన్, బ్రేకులు, టైర్లు అన్నిటికీ భారం తగ్గుతుంది. రెండోది, నా దృష్టిలో అసలైనది, విప్పి బాగుచేసుకునే వీలు. పాత మోర్గన్‌లో నీళ్లు నిలిచి గుమ్మం కింద చెక్క పుచ్చిపోతే, ఒంటిని ఛాసిస్ నుంచి ఎత్తి, పుచ్చిన ముక్క తీసి కొత్తది వేస్తారు. రేకు పాడైతే కరిగించి మళ్లీ వాడవచ్చు. ఖనిజం నుంచి అల్యూమినియం తీయడానికి పట్టే శక్తిలో ఇరవయ్యో వంతు చాలు.

ఇక్కడే నాకొక బెంగ ఉంది. 1936 నుంచి వాడుతూ వచ్చిన ఉక్కు ఛాసిస్‌ను 2020లో మానేశారు. 2019లో వచ్చిన కొత్త ఛాసిస్‌లో అల్యూమినియం భాగాలను జిగురుతో అతికిస్తారు. అది చాలా తేలిక, పాతదానికన్నా దృఢం. కానీ జిగురుతో అతికినదాన్ని బోల్టు విప్పినట్టు విప్పలేం. దెబ్బ తగిలితే మామూలు మెకానిక్ చేతికి అందని పని అవుతుంది.

చెట్టుకీ కష్టం వచ్చింది. యాష్‌ను ఎండగొట్టే శిలీంధ్రపు తెగులు తూర్పు ఆసియా నుంచి యూరప్‌కి చేరి, 2012లో బ్రిటన్‌లో బయటపడింది. అక్కడి యాష్ చెట్లలో 80 శాతం దాకా పోవచ్చని అంచనా. తెగులును తట్టుకున్న కొద్దిపాటి చెట్ల నుంచి అంట్లు కట్టి కొత్త మొక్కలు పెంచే ప్రయత్నం సాగుతోంది. అవి కోతకు రావాలంటే దశాబ్దాలు పడుతుంది. ఈలోగా మరో కలపతోనూ అదే వంపు తీయగలమా అని ఈ షెడ్డు ఇప్పటినుంచే పరీక్షించుకోవడం మంచిది.

2023లో మోర్గన్ ఎక్స్‌పీ-1 అనే విద్యుత్ నమూనాను చూపింది. మూడు చక్రాల సూపర్ 3 ఆధారంగా కట్టిన ప్రయోగమది. ఇలాంటిది అమ్మకానికి వచ్చినప్పుడు నేను మొదట అడిగేది మైలేజీ గురించి కాదు. జాగ్రత్తగా చూసుకుంటే చెక్క చట్రం యాభై ఏళ్లుంటుంది, బ్యాటరీ అంతకాలం ఉండదు. కాబట్టి ఒంటిని కోయకుండా, రేకు చింపకుండా పాత బ్యాటరీ దించి, అప్పటికి దొరికే కొత్తదాన్ని అదే చోట బోల్టులతో బిగించే ఏర్పాటు గీసే కాగితం మీదే ఉండాలి. ఆ కొలతలు కొన్నవాళ్లకీ, ఊళ్లోని మెకానిక్‌కీ అందుబాటులో పెట్టాలి.