గాలి కబురు కోసం

తెరచాప పడవలో తిరిగేవాళ్లకి ఇంటర్నెట్ ఎందుకని ఎవరడిగినా నాది ఒకటే జవాబు: గాలి కబురు కోసం. రేపు గాలి ఎటు నుంచి, ఎంత జోరుగా వీస్తుందో తెలియకుండా లంగరు ఎత్తకూడదు. ఆ కబురు మోసుకొచ్చే గ్రిబ్ ఫైల్ చాలాసార్లు కొన్ని పదుల కిలోబైట్లే. దాని కోసమే నేను సిగ్నల్ వెతకడం నేర్చుకున్నాను.

కరీబియన్‌లోని బెక్వియా దీవినే తీసుకోండి. అక్కడి అడ్మిరల్టీ బే పడమటికి తెరుచుకుని ఉంటుంది, గాలేమో తూర్పు నుంచి వస్తుంది. అందుకే లంగరు వేసిన పడవలు సాధారణంగా పోర్ట్ ఎలిజబెత్ ఊరివైపు ముక్కు పెట్టి నిలబడతాయి. ఒడ్డునున్న హోటల్ వైఫై పేరు ల్యాప్‌టాప్‌లో కనిపిస్తుంది, కనెక్ట్ మాత్రం కాదు. రౌటర్ పంపే సిగ్నల్ మనదాకా వస్తుంది, ల్యాప్‌టాప్‌లోని చిన్న యాంటెనా పంపేది అక్కడిదాకా చేరదు. అందుకే విడిగా ఒక యాంటెనాని బయట, వీలైనంత ఎత్తున కట్టాలి. వైఫై రేడియో పెట్టె కూడా దాని మొదట్లోనే ఉండాలి, లేకపోతే పొడవాటి యాంటెనా కేబుల్ సిగ్నల్‌ని దారిలోనే తినేస్తుంది. కిందికి ఈథర్నెట్ తీగ ఒక్కటి దింపితే చాలు, కరెంటు కూడా అందులోనే ఎక్కుతుంది.

యాంటెనా మీద రాసిన గెయిన్ (డీబీఐ) అంకె పెద్దగా ఉందని మురిసిపోకండి. నాలుగు దిక్కులా పంపే యాంటెనాలో గెయిన్ పెరిగేకొద్దీ సిగ్నల్ దోసెలా పలచబడుతుంది. పడవ ఒరిగినప్పుడల్లా ఒక అంచు నీళ్లలోకి, ఇంకో అంచు ఆకాశంలోకి పోతుంది. అందుకే 15 డీబీఐ కన్నా 8 డీబీఐకే నా ఓటు. ఒకే దిక్కు చూసే యాంటెనా ఇంకా కష్టం. గాలి మారితే పడవ లంగరు చుట్టూ తిరిగిపోతుంది కదా!

సిగ్నల్ అందింది కదా అని సరిపోదు, పాస్‌వర్డ్ అడిగి తీసుకోవాలి, ఆ హోటల్లో ఏదైనా తినాలి. తాళం లేదు కదా అని ఎవరింటి వైఫైనో వాడుకోవడం నాకు నచ్చదు.

2022 నుంచి పడవల మీదికి స్టార్‌లింక్ వచ్చింది. గొప్ప సౌకర్యమే. కానీ 50 వాట్లు తాగే డిష్‌ని రోజంతా నడిపితే 12 వోల్టుల బ్యాటరీ నుంచి 100 ఆంపియర్-అవర్లు పోతాయి. సోలార్ పలకలు చాలని పడవకి ఒడ్డు వైఫై ఇప్పటికీ ఆదరువే.

సిగ్నల్ బాగుందని ఒడ్డుకి జరిగి, రాతి నేల మీద లంగరు వేసేవాళ్లని చూస్తే నాకు భయమేస్తుంది. ఇసుక నేల చూసుకోండి. లోతుకి అయిదు రెట్లయినా గొలుసు వదలండి. లంగరు బిగిసిందని రూఢి చేసుకున్నాకే ల్యాప్‌టాప్ తెరవండి.