తోక లేని పతంగి

సంక్రాంతికి వారం ముందు హైదరాబాద్ ధూల్‌పేటలో పతంగుల దుకాణాల దగ్గర కాసేపు నిలబడి చూడండి. పిల్లలు రంగు చూసి కొనుక్కుంటారు. చెయ్యి తిరిగినవాళ్లు పతంగిని వెలుతురుకెత్తి కాగితం చూస్తారు, నడిమి పుల్లను వేలి మీద ఆనించి ఎటు ఒరుగుతుందో చూస్తారు, ఆ తర్వాతే జేబులో చెయ్యి పెడతారు. నాకూ అదే అలవాటు. ఈ పతంగులకు తోక ఉండదు. తోక కట్టిన గాలిపటం బుద్ధిగా ఒకేచోట నిలబడుతుంది కానీ దానితో పేంచ్ వేయలేం, అంటే అవతలి పతంగి దారం తెంచే పోటీకి దిగలేం.

అసలు కిటుకంతా కన్నెల్లో ఉంది. నడిమి పుల్లకు పైన ఒకచోట, కింద ఒకచోట దారం కట్టి రెంటినీ కలిపి ముడి వేస్తాం. పై దారం పొట్టిదైతే పతంగి ముక్కు ముందుకు వాలి గాలిని కోసుకుంటూ నెత్తి మీదికి ఎక్కుతుంది. పొడుగైతే గాలికి రొమ్ము విరుచుకుని అడ్డం నిలబడుతుంది, చెయ్యి లాగేస్తుంది తప్ప పైకి లేవదు. గోరంత తేడా చాలు. విమానం రెక్కకూ ఇదే లెక్క. ఎదురొచ్చే గాలికీ రెక్కకూ మధ్య కోణం పెరిగేకొద్దీ లేపే బలం పెరుగుతుంది. మామూలు రెక్కకు పదిహేను డిగ్రీల చుట్టుపక్కల ఎక్కడో గాలి రెక్క పైభాగాన్ని వదిలేస్తుంది. అదే స్టాల్. ఆపైన ఎంత ఎత్తిపట్టినా విమానం కిందికే.

చాలా పుస్తకాల్లో మరో కథ ఉంటుంది. రెక్క పైభాగం ఉబ్బుగా ఉంటుంది కాబట్టి పైగాలి ఎక్కువ దూరం పోవాలట, కింది గాలిని చివర్లో కలుసుకోవాలి కాబట్టి పరుగెత్తుతుందట. కలుసుకోవాలని గాలికి ఎవరు చెప్పారు? నిజానికి పైగాలి ముందే చేరిపోతుంది, కింది గాలి కోసం ఆగదు. పైన వేగం పెరిగి ఒత్తిడి తగ్గే మాట నిజమే, చెప్పే కారణమే తప్పు. రెక్క గాలిని కిందికి మళ్లిస్తుంది, గాలి రెక్కను పైకి నెడుతుంది. పతంగి కాగితానికి ఉబ్బెక్కడిది? అయినా ఎగురుతోంది కదా.

లేపే బలం సంగతి రైట్ సోదరుల కంటే చాలా ముందే లోకానికి తెలుసు. ఇంగ్లండ్‌లో జార్జ్ కేలీ 1799లోనే ఒక వెండి బిళ్ల మీద రెక్క బొమ్మ చెక్కి, రెక్క మీద గాలి బలం ఎలా రెండుగా విడిపోతుందో గీసి పెట్టాడు. జర్మనీలో ఓటో లిలియంతాల్ తన గ్లైడర్లతో కొండల మీది నుంచి దాదాపు రెండు వేల సార్లు గాలిలోకి దూకాడు. ఒళ్లు అటూ ఇటూ ఊపి తూకం నిలుపుకోవడమే ఆయనకు తెలిసిన అదుపు. 1896 ఆగస్టులో ఒక గాలి విసురుకు గ్లైడర్ ఆగిపోయి నేల కూలింది, మర్నాడు ఆయన పోయాడు. ఆ వార్త చదివాక అమెరికాలోని డేటన్ ఊళ్లో సైకిళ్లు చేసి అమ్ముకునే రైట్ సోదరులు విల్బర్, ఆర్విల్ ఈ పనిలోకి దిగారు.

వాళ్లు మొదలుపెట్టింది పతంగితోనే. 1899 వేసవిలో విల్బర్ దుకాణంలో సైకిల్ ట్యూబు వచ్చిన అట్టపెట్టెను చేతుల్లో పట్టుకుని మెలితిప్పుతుంటే, రెక్కను కూడా ఇలాగే మెలితిప్పితే ఒక పక్క లేచి మరో పక్క వాలుతుంది కదా అని తట్టింది. అయిదడుగుల వెడల్పున రెండంతస్తుల పతంగి కట్టాడు. దానికి నాలుగు దారాలు, రెండు చేతుల్లో రెండు కర్రలు. కర్ర వంచితే రెక్క మెలి తిరుగుతుంది. ఒకసారి అది ఉన్నట్టుండి కిందికి దూకితే చూడ్డానికొచ్చిన పిల్లలు నేల మీద బోర్లా పడ్డారట. ఇది చదివినప్పుడు నాకు ఆ పిల్లలే ఎక్కువ నచ్చారు.

మన పతంగి కూడా మెలి మీదే బతుకుతుంది. ఖీంచ్ చేస్తే, అంటే దారం లాగితే, పుల్ల వంగి ముక్కు ఎటుంటే అటు దూసుకుపోతుంది. ఢీల్ ఇస్తే, అంటే దారం వదిలితే, కాగితం చదునై గిరగిరా తిరుగుతుంది. ముక్కు మనకు కావలసిన వైపు తిరిగిన క్షణంలో మళ్లీ లాగాలి. నిలకడ లేకపోవడమే దాని సుగుణం. నిలకడ పతంగిలో ఉండదు, చేతిలో ఉంటుంది.

సైకిల్ తొక్కేవాడికి ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. సైకిల్ తనంతట తాను నిలబడదని ఎవరూ ఫిర్యాదు చేయరు. అప్పటి పెద్దలు మాత్రం తనంతట తాను తూకం నిలుపుకొనే యంత్రం కోసం వెతికారు. స్మిత్సోనియన్ సంస్థ అధిపతి శామ్యూల్ లాంగ్లీకి అమెరికా యుద్ధ శాఖ 50,000 డాలర్లిచ్చింది. ఆయన ఇంజన్ 52 హార్స్ పవర్‌ది, అప్పట్లో అద్భుతం. నడపబోయే మనిషికి మాత్రం గాలిలో అనుభవం లేదు. 1903 అక్టోబర్ 7న ఒకసారి, డిసెంబర్ 8న మరోసారి పడవ మీది నుంచి వదిలితే ఆ యంత్రం తిన్నగా పోటోమాక్ నదిలో పడింది.

రైట్ అన్నదమ్ములు ఆ ఏళ్లలో ఏటా కొన్నాళ్లు కిట్టీ హాక్ ఇసుక దిబ్బల్లో గడిపారు. 1900 నాటి గ్లైడర్‌ను ఎక్కువగా తాళ్లు కట్టి పతంగిలాగే ఎగరేశారు. వెళ్లేటప్పుడు అక్కడే వదిలేస్తే, ఆతిథ్యమిచ్చిన టేట్ గారి భార్య ఆ రెక్కల గుడ్డతో ఆడపిల్లలకు గౌన్లు కుట్టింది. 1901 గ్లైడర్ లెక్క ప్రకారం రావలసిన బలంలో మూడో వంతే ఇచ్చింది. లెక్కలు తప్పా, గాలి తప్పా? ఆర్విల్, విల్బర్ సైకిల్ హ్యాండిల్ మీద మూడో చక్రం ఒకటి పడుకోబెట్టి, దాని అంచుకు ఒక రేకు, ఒక చిన్న రెక్క బిగించి డేటన్ వీధుల్లో తొక్కి చూశారు. తర్వాత ఆరడుగుల చెక్కపెట్టెతో గాలి సొరంగం చేశారు. అందులో తక్కెళ్లు ఆక్సా బ్లేడ్లు, సైకిల్ పుల్లలతో చేసినవి. చిన్న చిన్న రెక్కలు రెండు వందల దాకా పరీక్షించారు. గాలి బలానికి చాలామంది నూరేళ్లకు పైగా వాడుతున్న 0.005 అనే అంకె తప్పని, అది 0.0033 దగ్గర ఉండాలని తేల్చుకున్నారు. విమానం పుట్టింది ఆ పెట్టెలోనే అంటాను నేను. 1903 డిసెంబర్ 17 అందరికీ కంఠతా వచ్చు, ఈ పెట్టె ఎవరికీ గుర్తుండదు.

ఆ రోజు సంగతి క్లుప్తంగా. ఇంజన్ 12 హార్స్ పవర్, దుకాణంలో పనిచేసే చార్లీ టేలర్ ఆరు వారాల్లో చేసింది. మొదటిసారి ఆర్విల్ 12 సెకన్లు, 120 అడుగులు. నాలుగోసారి విల్బర్ 59 సెకన్లు, 852 అడుగులు. తర్వాత నేల మీద ఉన్న యంత్రాన్ని ఒక్క గాలి విసురు తిరగేసింది. సాయానికొచ్చిన డేనియల్స్ అనే ఆయన పట్టుకోబోయి దానితో పాటే దొర్లాడు. పొద్దున మొదటి ఎగురుడును ఫొటో తీసింది ఆయనే. ఆ యంత్రం మళ్లీ ఎగరలేదు.

చేతిని నమ్ముకోవడానికీ ఒక హద్దుంది. రైట్ విమానాలు నడపడం కష్టం, చెయ్యి ఒక్క క్షణం ఏమరితే ముక్కు తిరగబడేది. వాళ్ల మోడల్ సి విమానాలు కూలి పైలట్లు వరుసగా చనిపోతే, 1914లో అమెరికా సైన్యం ఆ తరహావాటిని పక్కన పెట్టేసింది. అప్పటికే ఇతరులు వెనక తోక పెట్టి నిలకడ తెచ్చుకున్నారు. ఇవాళ మనమెక్కే ప్రయాణికుల విమానాలన్నీ ఆ తోక సంతతే, నాకేమీ అభ్యంతరం లేదు.

యుద్ధ విమానాల వాళ్లు మాత్రం మళ్లీ పాత దారి పట్టారు. 2001 జనవరి 4న బెంగళూరులో మొదటిసారి ఎగిరిన మన తేజస్‌ను కావాలనే నిలకడ తగ్గించి తయారు చేశారు, చురుగ్గా తిరగాలని. మనిషి చెయ్యి ఆ వేగాన్ని అందుకోలేదు కాబట్టి నాలుగు వరసల కంప్యూటర్ వ్యవస్థ ఆపకుండా రెక్కల అంచులను సర్దుతూ ఉంటుంది. పైలట్ కర్ర కదిపి ఎటు పోవాలో చెబుతాడు. ఖీంచ్, ఢీల్ కంప్యూటర్ చూసుకుంటుంది.