పేరు పెట్టినోడెవడు?

అద్భుత కథల్లో పేరు ఊరికే రాదు. మామూలు నవలలో సుబ్బారావు సుబ్బారావే. మంచోడో చెడ్డోడో కథ నడిచేకొద్దీ తెలుస్తుంది. రాక్షసులూ మాంత్రికులూ మరుగుజ్జులూ తిరిగే కథల్లో అట్లా కాదు. అక్కడ మనిషి నోరు తెరవకముందే పేరు తీర్పు చెప్పేస్తుంది. ఎవర్ని ప్రేమించాలో, ఎవర్ని చూసి జడుసుకోవాలో, ఎవరు చచ్చినా ఏడవక్కర్లేదో పేరు వినంగానే పిల్లలకి తెలిసిపోతుంది. పండితులు ఈ పేర్ల వెనక వ్యుత్పత్తులు తవ్వి అబ్బురపడతారు. ఏ భాషలోంచి ఏ ధాతువు తెచ్చాడో చెప్పి మురిసిపోతారు. వాళ్లు అడగని ప్రశ్న ఒకటుంది. ఆ పేరు పెట్టినోడెవడు? పెట్టించుకున్నోడితో వాడికున్న సంబంధం ఏంటి?

ఈ ప్రశ్న వేస్తే గానీ పేరులో దాగిన అర్థం బయటికి రాదు. పేరు విషయంలో మనం దెబ్బలు తిన్నవాళ్లం. అందుకే ఈ ప్రశ్న వెయ్యటం మనకి తేలిక.

మన దగ్గర అద్భుత కథకి పాదు రామాయణ భారతాలు. శూర్పణఖ అంటే చేటల్లాంటి గోళ్లున్నది. కుంభకర్ణుడంటే కుండల్లాంటి చెవులున్నవాడు. ఘటోత్కచుడి పేరులోనూ కుండే ఉంది, వెంట్రుకల్లేని కుండలాంటి తల అని. అటువైపు చూడండి. రాముడంటే ఆనందపెట్టేవాడు. అర్జునుడంటే తెల్లనివాడు. ఒకళ్లకి గుణమూ వెలుగూ పేరయితే ఇంకొకళ్లకి ఒంట్లో అవయవం పేరయింది. ఏ తల్లయినా ఉయ్యాల్లో ఉన్న ఆడపిల్లకి చేటగోళ్లదని పేరు పెట్టుకుంటుందా? ఇవి తల్లి నోట్లోంచి వచ్చిన పేర్లు కావు. శత్రువు పెట్టినవి.

చేటా కుండా ఎవరి సామాన్లో కూడా ఆలోచించండి. చేట అల్లింది మేదరోళ్లు. కుండ చేసింది కుమ్మరోళ్లు. కళ్లంలో పొద్దుగూకేదాకా చేటతో చెరిగింది మా అమ్మలాంటి కూలి ఆడోళ్లు. ఒళ్లంతా నూగు పట్టి, కళ్లల్లో దుమ్ము పడి, రాత్రి ఇంటికొచ్చి నీళ్లు పోసుకున్నా దురద పోయేది కాదు అమ్మకి. ఆ చేట ఆడకపోతే ఆసామి గాదెలోకి గింజ చేరదు. అదే చేట గోటికి పోలిక అయ్యేసరికి వికారమైపోయింది. పూజలో పెడితే పూర్ణకుంభం, చెవికి పోలిస్తే రాక్షసత్వం. చంద్రుడూ తామరపువ్వూ ఒకవైపుకీ, పనిముట్లు ఇంకోవైపుకీ పంచారు.

కథన్నాక అంతే గదా అనుకోవద్దు. ప్రాకృతంలో విమలసూరి రాసిన జైన రామాయణం ఉంది, 'పఉమచరియం'. అందులో ఆమె పేరు చంద్రనఖ. గోళ్లు అవే. ఒకచోట చేటలు, ఇంకోచోట చంద్రవంకలు. రావణుడి పది తలల సంగతి కూడా అందులో వేరే. పసితనంలో మెళ్లో వేసుకున్న హారం రత్నాల్లో అతని ముఖం తొమ్మిదిసార్లు కనపడిందట. అసలు ముఖంతో కలిపి దశముఖుడన్నారు. అందులో రాక్షసులు మనుషుల్ని పీక్కుతినే జాతి కాదు, విద్యలు తెలిసిన విద్యాధరుల వంశం. చెప్పేవాళ్లు మారంగానే పేరు మారింది. పేరు మారంగానే ఒళ్లు కూడా మారింది. ఇంతకంటే రుజువేం కావాలి?

శంబూకుడి సంగతి ఇంకా ఘోరం. నిఘంటువులో శంబూకమంటే నత్తగుల్ల. ఉత్తరకాండలో అతను తలకిందులుగా వేలాడుతూ తపస్సు చేసుకుంటుంటాడు. రాముడొచ్చి నువ్వెవరు, ఏ వర్ణంవాడివి అని అడుగుతాడు. అతను దాచుకోలేదు. శూద్రయోనిలో పుట్టానన్నాడు, పేరు శంబూకుడన్నాడు. మాట ఇంకా నోట్లో ఉండగానే తల తెగిపడింది. కొత్త ఊళ్లో అద్దె ఇల్లు అడగబోతే ముందు పేరు, తర్వాత ఇంటిపేరు, తర్వాత ఏ ఊరు, ఆ ఊళ్లో ఏ వీధి అని వరసగా అడుగుతారు. ఆ ప్రశ్నల తర్వాత ఖాళీ లేదనే మాట నేను ఎన్ని గుమ్మాల్లో విన్నానో లెక్క లేదు. అడిగేవాళ్ల చేతిలో కత్తి లేకపోవచ్చు. ప్రశ్న మాత్రం అదే.

శత్రువు పెట్టే పేరొక రకం. యజమాని పెట్టే పేరింకో రకం. ఇది మెత్తగా ఉంటుంది, ముద్దుగా కూడా వినపడుతుంది. పింగళి నాగేంద్రరావు రాసిన 'పాతాళభైరవి' (1951) చూడండి. హీరో తోటరాముడు, తోటమాలి కొడుకు. జనం గుండెకెత్తుకున్న పేరది. నాకూ ఇష్టమే. అయినా పని అతని పేరుకి ముందే నడుస్తుంది. రాజు పేరుకి ముందు సింహాసనం అని ఎవరూ తగిలించరు. రాకుమారిని ప్రేమిస్తే, నాతో సమానమైన సంపద తెచ్చి చూపించమంటాడు రాజు. ఇక దుర్మార్గుడికి సొంత పేరే లేదు. నేపాళ మాంత్రికుడు, అంతే. ఏ దేశంవాడో, ఏం పని చేస్తాడో తెలిస్తే చాలు, వాడిని చంపటానికి.

ఇంగ్లీషు అద్భుత కథలోనూ ఒక తోటమాలి కొడుకున్నాడు. టోల్కీన్ రాసిన 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' 1954, 55లో మూడు భాగాలుగా వచ్చింది. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో పాత ఇంగ్లీషు చెప్పిన ప్రొఫెసరు. పేర్ల విషయంలో మహా పట్టుదల మనిషి. గాండాల్ఫ్ పేరునీ మరుగుజ్జుల పేర్లనీ పాత నార్సు పద్యంలోంచి తీసుకున్నాడు. ఫ్రోడో పేరు తెలివైనవాడు అనే అర్థమున్న పాత ఇంగ్లీషు మాటలోంచి వచ్చింది. ఫ్రోడో వెంట నడిచే తోటమాలి శామ్ అసలు పేరు శామ్‌వైజ్. అంటే అరతెలివివాడు. ఇంటిపేరు గామ్‌జీ. బర్మింగ్‌హామ్‌లో ఆ పేరుగల సర్జన్ ఒకాయన గాయాలకి కట్టే దూదికట్టు కనిపెట్టాడు. అక్కడి జనం ఆ దూదినే గామ్‌జీ అన్నారు. దొరకి తెలివి, సేవకుడికి అరతెలివి, పైగా ఎదుటివాడి పుండుమీద వేసే దూది!

ఈ పాత్ర వెనక ఉన్న మనుషులెవరో టోల్కీన్ దాచలేదు. 1916లో ఆయన సోమ్ యుద్ధభూమిలో ఆఫీసరు. అక్కడ తను చూసిన మామూలు సిపాయిలూ, ఆఫీసర్లకి బట్టలు సర్ది బూట్లు తుడిచే ఆర్డర్లీలూ శామ్‌కి మూలమన్నాడు. వాళ్లు తనకంటే ఎంతో మేలైనవాళ్లని కూడా అన్నాడు. ఆ మాట నిజాయితీగానే అని ఉంటాడు. ఆ చేత్తోనే అరతెలివి అని పేరు రాశాడు. కథ మాత్రం ఆ పేరు మాట వినలేదు. కొండమీదికి నడవలేక పడిపోయిన ఫ్రోడోని శామ్ వీపు మీద మోశాడు. తర్వాత తన నాడుకి ఏడుసార్లు మేయరయ్యాడు. పిల్లల ఇంటిపేరు గార్డ్‌నర్ అయింది, అంటే తోటమాలే. అవమానంగా ఉండాల్సిన పని మాట గౌరవమైన ఇంటిపేరయింది. టోల్కీన్‌ని నేను తీసిపారెయ్యను. పేరు పెట్టినప్పుడు యజమానిగా ఉన్నాడు. కథ రాసేటప్పుడు మనిషిగా ఉన్నాడు. ఒకే రచయితలో ఈ పెనుగులాట చదువుకోవాల్సిన సంగతి.

పేరు దాచుకునేవాళ్ల కథ అర్సులా లెగ్విన్ రాసింది. 'ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' 1968లో వచ్చింది. ఆ లోకంలో మనిషికి రెండు పేర్లు. అందరూ పిలిచేదొకటి. నిజం పేరు వేరే. నిజం పేరు తెలిసినవాడికి ఆ మనిషి మీద అధికారం వస్తుంది. అందుకని ప్రాణంలాంటివాళ్లకే చెబుతారు. కథానాయకుడు గెడ్‌ది రాగిరంగు ఒళ్లు. 2004లో టీవీ వాళ్లు అతన్ని తెల్లవాడిగా చూపిస్తే లెగ్విన్ ఊరుకోలేదు, బహిరంగంగా తప్పుపట్టింది. ఆమె తండ్రి ఆల్‌ఫ్రెడ్ క్రోబర్ మానవశాస్త్రవేత్త. 1911లో కాలిఫోర్నియాలో యాహీ జాతిలో చివరికి మిగిలిన మనిషొకడు కొండల్లోంచి బయటికొచ్చాడు. తనవాళ్లందర్నీ పోగొట్టుకుని వచ్చాడు. తన పేరు తను చెప్పుకోవటం వాళ్ల ఆచారం కాదు. ఎవరడిగినా చెప్పలేదు. క్రోబర్ అతన్ని ఇషీ అన్నాడు. వాళ్ల భాషలో ఇషీ అంటే మనిషి. 1916లో చనిపోయేదాకా అతని అసలు పేరు ఎవరికీ తెలియలేదు. లెగ్విన్ తల్లి థియొడోరా 1961లో అతని మీద పుస్తకం రాసింది. ఆ ఇంటి పిల్ల రాసిన కథ ఇది.

లెగ్విన్ కథ విశ్వవిద్యాలయాల్లో మాయా తత్వశాస్త్రంగా చదువుతారు. నాకది ఇంట్లో సంగతిలా అనిపించింది. మాది చర్చికెళ్లే కుటుంబం. నాకు బాప్తిస్మంలో బైబిలు పేరు పెట్టారు. బళ్లో చేర్చేటప్పుడు పంతులు ఆ పేరు రాయలేదు. ఆ పేరైతే రేపు స్కాలర్‌షిప్పు రాదని చెప్పి తనకి తోచిన హిందూ దేవుడి పేరు రాశాడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులమనే గుర్తింపుని హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుల్ని కలపలేదు. దానివల్ల మనలో ఎంతమందికి రెండు పేర్లున్నాయి! ఒకటి అమ్మ నోట్లో, ఒకటి సర్టిఫికెట్టులో. నిజం పేరు తెలిసినవాడి చేతిలో మన బతుకుంటుందని ఎర్త్‌సీ మంత్రగాళ్లకే కాదు, మా పేటలో ఏడో తరగతి పిల్లలకీ తెలుసు. ఎవరైనా ఊరకే అర్జీ పెడితే చదువు పోతుందని భయపడేవాళ్లం. నా రెండు పేర్లలో ఏది నిజమో ఇక్కడ కూడా రాయను.

జె.కె. రౌలింగ్ 'హారీ పోటర్' కథలు 1997 నుంచి 2007 దాకా ఏడు పుస్తకాలుగా వచ్చాయి. వాటి పేర్ల మీద జరిగినంత పరిశోధన ఇంక దేనిమీదా జరగలేదేమో. మాల్‌ఫాయ్ అంటే ఫ్రెంచిలో చెడ్డ విశ్వాసం. వోల్డెమార్ట్ అంటే చావునుంచి పారిపోవటం. దుర్మార్గుడికైనా దొరకుటుంబం కాబట్టి వంశమూ అర్థమూ అమర్చారు. ఇళ్లల్లో జీతం లేకుండా చాకిరీ చేసే ఎల్ఫులకి ఇంటిపేర్లే లేవు. డాబీ, వింకీ, క్రీచర్. క్రీచర్ అంటే ఇంగ్లీషులో ప్రాణి అనే మాటే, అక్షరాలు కొంచెం మార్చి రాశారు. పిల్లిని పిల్లీ అన్నట్టు ప్రాణిని ప్రాణీ అన్నారు. రచయిత్రి ఇది తెలిసే చేసిందని నా నమ్మకం. డాబీ చచ్చిపోతే గోతిమీద రాయిపెట్టి, స్వేచ్ఛ పొందినవాడని హారీ చెక్కుతాడు. ఇంటిపేరు లేనివాడికి స్వేచ్ఛే ఇంటిపేరయింది.

చావునుంచి పారిపోవటం అన్నాను గదా. ఆ అర్థం మా తాత పేరులోనూ ఉంది. ఆయనకి ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారట. మూడోవాడైనా దక్కాలని, పుట్టంగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకుని ఆ కుప్ప పేరే పెట్టారు. పుల్లివిస్తరాకు మీద దొర్లించి పుల్లయ్య అన్నా, తవుడికి అమ్మి మళ్లీ తెచ్చుకుని తవిటయ్య అన్నా ఇదే లెక్క. చావుకి కూడా చీదర పుట్టే పేరు పెడితే బిడ్డని వదిలేసి పోతుందని ఆశ. ఇది అన్ని కులాల్లోనూ ఉన్న ఆచారమే. కాకపోతే అదే పేరున్న ఆసామికి చివర 'గారు' చేరింది. మా తాతకి 'గాడు' చేరింది. తల్లి ప్రాణం కోసం పెట్టిన పేరుని ఊరు తిట్టుగా వాడుకుంది. వోల్డెమార్ట్ అర్థం చెబితే అబ్బా అంటారు. మా తాత పేరు చెబితే నవ్వుతారు. రెంటికీ అర్థం ఒకటే.

రౌలింగ్ కథలోనే మడ్‌బ్లడ్ అనే తిట్టుంది. బురద నెత్తురు. మంత్రవిద్య లేని ఇంట్లో పుట్టినవాళ్లని శుద్ధ రక్తంవాళ్లు తిట్టే మాట. ఈ మాట దగ్గర మన హాస్టలు పిల్లలకి పక్కన అర్థం రాయక్కర్లేదు. ఆఖరి పుస్తకంలో హెర్మయొనీ ఆ మాటని తనే ఎత్తుకుని, అది తనకి గర్వమంటుంది. ప్రపంచమంతా మెచ్చుకుంది. ఆ పుస్తకం రావటానికి పదమూడేళ్ల ముందే, 1994లో, ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైంది. తిట్టుగా వింటూ పెరిగిన మాటని కార్యకర్తలు తమ పేర్ల చివర తగిలించుకున్నారు. శర్మా శాస్త్రీ చౌదరీ రెడ్డీ నిలబడ్డ చోట మాదిగ నిలబడింది. కల్పన చెయ్యబోయే పనిని మనవాళ్లు ముందే చేసి చూపించారు. దాని మీద ఏ వ్యుత్పత్తి పండితుడూ పుస్తకం రాయలేదు.

కాబట్టి విద్యార్థులకి చెప్పేది ఇదే. అద్భుత కథ చదవండి, దూరం పెట్టొద్దు. ప్రతి పేరు దగ్గరా ఆగండి. ధాతువు తెలుసుకోండి, అక్కడితో ఆగిపోవద్దు. ఇది శత్రువు పెట్టిందా, యజమాని పెట్టిందా, తల్లి పెట్టిందా, తనకి తాను పెట్టుకుందా అని అడగండి. రేపు మీరూ ఇట్లాంటి కథలు రాస్తారు, రాయాలి. అప్పుడు పాత నార్సు దాకా పోనక్కర్లేదు. మీ పేట ఓటర్ల జాబితా ముందేసుకోండి. ఒక్కో పేరు వెనక ఏం జరిగిందో ముసలమ్మల్ని అడగండి. వాళ్లు ఇంకా ఉన్నారు. ఇవాళే అడగండి.