క్షయరోగిని వెదకుట: ఒక విమర్శ

గోదావరి ఒడ్డున, అడవి అంచున ఉన్న మహదేవపూర్ ప్రాంతంలో పత్తి ఏరే కూలీ ఒకడికి దగ్గు పట్టుకున్నదనుకొందాం. వారం చూస్తాడు. పక్షం దాటుతుంది. దుకాణంలో బిళ్ళ కొని మింగి మళ్ళీ చేనుకు పోతాడు. అది క్షయ దగ్గే అయితే, దానితో వెలువడే సన్నని తుంపరలు ఇంటి గాలిలో తేలి బిడ్డల ఊపిరితిత్తులకు చేరుతుంటవి. క్షయ నివారణ పథకం మంచిచెడ్డలను ఈ ఇంటి వాకిట నిలిచి చూడవలె. పథకం ఈ తలుపు తట్టినదా, లేక కూలీయే వచ్చి తన తలుపు తట్టాలని కూర్చున్నదా?

ఇంటింటికి వెళ్ళి వెదకే పద్ధతి తెలుగునాటికి కొత్త కాదు. మదనపల్లె సమీపాన 1915లో ఆరోగ్యవరం శానిటోరియం వెలసినది. భారతదేశంలో బి.సి.జి. టీకాలు ఆరంభమైనది కూడ 1948 ఆగస్టులో మదనపల్లెలోనే. డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ నాయకత్వాన 1950 నుండి 1955 వరకు అక్కడి గ్రామీణ జనాన్ని టుబర్క్యులిన్ పరీక్షతోను, ఎక్స్-రేతోను పరిశీలించినారు. రోగి కొరకు ఎదురుచూడక జనాభానంతటినీ పరీక్షించుటయే దీని విశేషం.

కాని దేశమంతటా ఇట్లు చేయుటకు ఆనాడు ధనమూ లేదు, యంత్రాలూ లేవు. కనుక 1962లో వచ్చిన జాతీయ పథకం వేరు దారి పట్టినది. దగ్గుతో ఆసుపత్రికి వచ్చినవారి తెమడను సూక్ష్మదర్శినితో పరీక్షించి, మందులిచ్చి ఇంటికి పంపవలెనన్నది. ఇంటివద్ద చికిత్స శానిటోరియం చికిత్సకు తీసిపోదని 1956లో మదరాసులో మొదలైన పరిశోధన అప్పటికే రుజువు చేసినది. రోగులలో సగానికి పైగా తమంతట తామే వైద్యశాలలకు పోయియున్నారని తుమకూరు జిల్లా పరిశీలన ఒకటి 1963లో వెల్లడించినది. వచ్చినవారినే గుర్తించలేని ఆసుపత్రి ఊళ్ళపై పడి వెదకుట ఎందుకన్న వాదం ఆనాటికి సబబైనదే.

ఆ వాదం ఎంతవరకు నిలిచినదో 2019–21 జాతీయ సర్వే తేల్చినది. లక్షణాలున్నవారిలో నూటికి 64 మంది వైద్యం కొరకు ఎక్కడికీ పోలేదు. అంతకంటె ఆలోచింపజేసేది మరొకటి ఉన్నది. ఎక్స్-రే తీయకుండ లక్షణాలనే అడిగియుంటే, బయటపడిన రోగులలో నూటికి సుమారు 43 మంది దాటిపోయేవారు. అనగా “రెండు వారాలుగా దగ్గు ఉన్నదా?” అన్న ప్రశ్న అవసరమే గాని, అదొక్కటే చాలదు.

వైద్యానికి పోనివారిని అజ్ఞానులనుట సులభం. లక్షణాలను లెక్కచేయలేదని వారిలో అధికులు చెప్పినమాట నిజమే. కాని దినకూలితో పొయ్యి వెలిగే ఇంటిలో దగ్గును లెక్కచేయుటకు ఒకనాటి కూలి వదులుకోవలె. ఆ ఖర్చును పథకం తన పద్దులో వ్రాసుకొనదు.

2024 డిసెంబరు 7న ఆరంభమైన నూరు దినాల ఉద్యమం చేతబట్టి మోయదగిన ఎక్స్-రే యంత్రాలను పల్లెలకు తెచ్చినది. ఇది మెచ్చదగినది. అయితే మిట్టమధ్యాహ్నం బడివద్ద శిబిరం పెట్టితే చేలలో ఉన్నవారు రారు. తెల్లవారకముందో, పొద్దుగూకిన తరువాతనో పెట్టిన శిబిరమే వారికి శిబిరం. తీసిన చిత్రాల సంఖ్య చూచి సంతోషించుట కూడ తగదు. చిత్రంలో మచ్చ కనబడినవారిలో ఎందరికి తెమడ పరీక్ష జరిగినది, ఎందరు ఆరు నెలల మందు పూర్తిచేసినారు అన్నదే లెక్క.

నివారణలో మరొక లోటు కూటికి సంబంధించినది. ఝార్ఖండ్‌లో జరిగి 2023లో ప్రకటితమైన పరిశోధనలో, రోగుల కుటుంబాలలోని పెద్దలకు నెలకు తలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమినులు ఇచ్చినారు. రోగికి మాత్రమే ఆహారమిచ్చిన కుటుంబాలతో పోల్చగా, ఈ ఇండ్లలోని తక్కినవారికి క్షయ సోకుట నూటికి 39 పాళ్ళు తగ్గినది. రోగికి ప్రభుత్వమిచ్చే నెలసరి సాయం 2024 నవంబరులో 500 నుండి 1000 రూపాయలకు పెరిగినది. కుటుంబంలోని తక్కినవారి ఆహారం మాత్రం దాతలపై ఆధారపడియున్నది. పప్పు కూడ మందేనని రుజువైన తరువాత దానిని దానంగా లెక్కించుట శాస్త్రసమ్మతం కాదు.

వెదకుట, నయం చేయుట, ఇంటివారిని కాపాడుట మూడు పనులు కావు. ఒకే పనికి మూడు అంచెలు. మొదటి అంచెను చాటి తక్కిన రెండింటిని మరచిన పథకం పత్తి కూలీ పేరును పట్టికలో చేర్చగలదు గాని, అతని బిడ్డను కాపాడలేదు.