‘నిరపాయకరం’ అనే పదమూ సూది పరీక్షా: కాలేయ గడ్డల నిర్ధారణపై ఒక విమర్శ

1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం వైద్యాన్ని సైతం ఉర్దూలో బోధించింది. దేశభాషలో శాస్త్రపదాలు కల్పించడం ఆ ప్రాంగణానికి కొత్త కాదు. అయితే కల్పించిన పదం అర్థాన్ని సరిగా మోయాలి. ‘బినైన్’కు తెలుగులో వాడే ‘నిరపాయకర’ అనే పదం ఆ పని చేయడం లేదు.

కాలేయంలోని హెమాంజియోమా, ఫోకల్ నాడ్యులర్ హైపర్‌ప్లేసియా, అడినోమా మూడూ ఈ పదం కిందికే వస్తాయి. మొదటి రెండూ సాధారణంగా స్కానింగులోనే తేలుతాయి. పైగా హెమాంజియోమాను సూదితో గుచ్చితే రక్తస్రావ ప్రమాదముంది. అడినోమా క్యాన్సరు కాకపోయినా చిట్లవచ్చు. బీటా-కెటెనిన్ జన్యువు మార్పు చెందిన రకం క్యాన్సరుగా మారవచ్చు. స్కానింగు తేల్చలేనప్పుడు ఆ రకాన్ని గుర్తించడానికే సూది పరీక్ష అవసరం. కానీ సూదికి చిక్కేది గడ్డలో ఒక తునక. దానిలో దోషం కనబడకపోతే గడ్డంతా నిర్దోషమని చెప్పలేము.

కణజాలం ఒక సాక్ష్యం మాత్రమే. 1974లో రాజస్థాన్, గుజరాత్‌లలో ప్రబలిన కాలేయవ్యాధికి మూలాన్ని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు బూజుపట్టిన మొక్కజొన్నలో గుర్తించారు. అడినోమా విషయంలోనూ గర్భనిరోధక మాత్రల వాడకం వంటి పూర్వచరిత్రే తొలి ఆధారం.

కనుక రోగి సమ్మతిపత్రంలో ‘నిరపాయకరం’ బదులు ‘క్యాన్సరు కాని గడ్డ’ అని రాసి, మిగిలిన అపాయాన్ని విడిగా చెప్పడమే న్యాయం. అపాయమే లేదని చెప్పి సూది గుచ్చడానికి తీసుకున్న సమ్మతి సమ్మతి కాదు.