అద్దంకి పద్యమున పేరులేని బోయలు

848 నాటిదని పండితులు చెప్పెడి అద్దంకి శాసనపద్యమును మన సాహిత్యచరిత్రలు తొలి తరువోజగా కొనియాడును. ఛందస్సుపై మాకును మక్కువయే. కాని యతిప్రాసల ముచ్చట తీరిన పిదప పద్యార్థమును గూడ చూడవలెను గదా! గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగడు పన్నెండు బోయకొట్టములను గెలిచెను; కట్టెపుదుర్గమును నేలమట్టము గావించెను; కందుకూరిని బెజవాడవలె నిలిపెను. తరువాతి వచనమున ఆదిత్యభటారునికి ఎనుబది పుట్ల నేల నిచ్చిన మాట యున్నది. ఇది దానశాసనము. ధర్మమును కాపాడుటకు నాటిన రాయి విజయమును గూడ కాపాడినది.

ఐరోపాలోను ఇదే తీరు. ఫ్రాంకుల ప్రభువు షార్లమేను 772 మొదలు 804 వరకు సాక్సనులతో పోరి, వారిచే క్రైస్తవమును బలిమిని స్వీకరింపజేసెను. ఆ కథను వ్రాసినవాడు ఆయన కొలువులోని ఐన్‌హార్డు. ఓడినవారు తమ మాటగా ఆనాడు వ్రాసికొన్నది మనకు దక్కలేదు.

మా వైట్‌ఫీల్డునకు నైరుతి దిశనున్న బేగూరులో సుమారు 890 నాటి కన్నడ శాసనము బెంగళూరు యుద్ధమున మడిసిన బుట్టణసెట్టిని పేరుపెట్టి చెప్పుచున్నది. అతడు గంగరాజుల అధికారి నాగత్తరుని ఇంటివాడు. అందుచే శిల కెక్కెను. బోయల కట్టి అండ లేదు. పన్నెండు కొట్టములలో ఒక్క నాయకుని పేరైనను తరువోజలో కానరాదు. పాఠ్యగ్రంథములలో ఈ పద్యమునకు టీక వ్రాయువారు గణవిభజనతోపాటు ఈ లోటును గూడ ఒక వాక్యమున తెలుపవలెనని మా మనవి.